తొంభై ఏడు పోగా ఒకటి

కాంతరత్నం బ్యాంకులోకి అడుగుపెట్టిన సోమవారం పొద్దున ఆమె వయసు అరవై ఒకటి. మధ్యాహ్నం బయటికొచ్చేసరికి ఒకటి. ఇందులో ఆమె చేసిన మాయేమీ లేదు. తప్పంటూ ఉంటే అదంతా ఆ బ్యాంకు ఛైర్మన్ గారు విమానమెక్కడంలో ఉంది.

ముందు కాంతరత్నం సంగతి చెప్పుకోవాలి. నరసాపురానికి అవతల, కాలవగట్టు వెంబడి ఉన్న పేటలో లేసు అల్లే ఆడవాళ్ళు నలభై ఇద్దరున్నారు. వాళ్ళ సంఘానికి ఈమె పెద్ద. ముప్పై ఏళ్ళుగా వాళ్ళు అల్లిన బల్లగుడ్డలూ, దిండు అంచులూ ఎగుమతి షావుకారు పట్టుకెళ్ళి, వాటికి తన పేరున్న చీటీ కుట్టి, పైదేశాల్లో అమ్ముకునేవాడు. అలాంటిది ఈ ఏడు బెల్జియంలో జరిగే లేసు తిరనాళ్ళలో వీళ్ళ సంఘం పేరుతోనే ఒక బల్ల ఇస్తామని, ఆ తిరనాళ్ళు నడిపే లీవా అనే ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చేత్తో రాసిన ఉత్తరం. సరుకు పంపితే ఆవిడే నిలబడి అమ్మిపెడుతుంది. బల్ల అద్దె మూడు వందల యూరోలు. ఇక్కడి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల్లోగా బ్యాంకులో కట్టి రశీదు చూపించాలి. లేకపోతే బల్ల వరసలో తరవాత ఉన్నవాళ్ళకి పోతుంది. ఆ తరవాత ఉన్నది ఎవరో కాదు, షావుకారే.

ఇక ఛైర్మన్ గారి సంగతి. ఆయన ఐరోపా వెళ్ళి అక్కడి ఖాతా నెంబరు చూసి మనసు పారేసుకున్నారు. ఆ నెంబరు మన నెంబరులా నోరులేనిది కాదట. మొదట రెండక్షరాలు దేశం పేరు. పక్కన రెండంకెలు కాపలా. ఆ వెనకాల అసలు బ్యాంకూ, ఖాతా. ముందున్న ఆ నాలుగింటినీ తీసి చివర్న పెట్టి, అక్షరాల్ని అంకెలుగా మార్చి, మొత్తాన్ని తొంభై ఏడుతో భాగిస్తే ఒకటి మిగలాలి. ఒక్క అంకె తప్పు రాసినా సరే, ఒకటి మిగలదు. తన నిజాయితీకి తనే సాక్ష్యం చెప్పుకునే నెంబరు! "మన దేశంలో ఏ నెంబరుకైనా ఈ శీలముందా?" అని ఆయన విమానంలోనే కళ్ళు తుడుచుకున్నారట. దిగగానే ఉత్తర్వు:

"బ్యాంకు ఆవరణయందు రాయబడు, ముద్రించబడు, సమర్పించబడు ఏ సంఖ్యనైనను తొంభై ఏడుతో భాగించగా ఒకటి శేషించని యెడల, అట్టి దానిని అసత్య సంఖ్యగా పరిగణించి తిరస్కరించవలెను. ఇది స్వయం ప్రామాణ్య సంఖ్యా మహోద్యమము."

కాంతరత్నం వెళ్ళేసరికి ఉద్యమం మొదలై మూడు రోజులైంది. గోడ గడియారంలో ఒకటి తప్ప తక్కిన అంకెల మీద తెల్ల కాగితం అతికించేశారు. క్యాలెండరులో ఒకటో తారీఖు ఒక్కటే మిగిలింది. ఫ్యాను ఒకటి మీద తిరుగుతోంది. టోకెన్ల మిషను ఒకటి ఇచ్చాక తొంభై ఎనిమిది ఇస్తుంది, ఆ తరవాత నూట తొంభై అయిదు.

కాంతరత్నానికీ, కూడా వచ్చిన వదినగారు దానమ్మకీ కలిపి తొంభై ఎనిమిది వచ్చింది. హాల్లో వాళ్ళిద్దరు తప్ప మనిషి లేడు. అయినా అటెండరు సింహాద్రి నిలబడి, "రెండో నెంబరూ! రెండో నెంబరూ! రెండో నెంబరూ!" అని మూడు కేకలు పెట్టి, ఒక్క నిమిషం ఎదురుచూసి, "మూడో నెంబరూ!" అని అందుకున్నాడు.

"సింహాద్రీ, ఆ చీటీలు పుట్టనే లేదు కదయ్యా, ఎవర్ని పిలుస్తున్నావు?" అంది కాంతరత్నం.

"పుట్టకపోతే నానేటి సేస్తానమ్మా. చీటీల రూలు మారింది గానీ పిలుపుల రూలు మారనేదు."

తొంభై ఏడు దాకా పిలిచేసరికి అతని గొంతు బొంగురుపోయింది. దానమ్మ తన మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

విదేశీ కౌంటరులో హైమవతి అనే గుమాస్తా కూర్చుంది. మంచి పిల్ల, కానీ మూడు రోజులుగా నిద్రలో కూడా భాగిస్తోంది. ఫారం తీసి, "వయసెంతండీ?" అంది.

"అరవై ఒకటి."

హైమవతి కలం కింద పెట్టేసింది. "అది చెల్లదండి."

"చెల్లకపోవడమేంటమ్మా? ఒక్కో ఏడూ నేను బతికి మరీ తెచ్చుకున్నాను."

మేనేజరు పద్మనాభం గారు లేచి వచ్చారు. పాపం ఆయన ఎవరినీ కసరరు. కసరడానికి కూడా ఉత్తర్వు ఉండాలంటారు. "చూడండమ్మా, ఒకటి, లేదా తొంభై ఎనిమిది. ఈ రెండు వయసులే బ్యాంకుకి తెలుసు. మీకేది సౌకర్యం?"

"తేడా ఏంటండీ?"

"తొంభై ఎనిమిదైతే జీవించియున్నట్లు ధ్రువపత్రం దాఖలు చెయ్యాలి. పది రోజులు పడుతుంది. ఒకటైతే మీరు మైనరు. సంరక్షకులు సంతకం చేస్తే చాలు."

కాంతరత్నం వేళ్ళ మీద శుక్రవారం దాకా లెక్కపెట్టుకుంది. "సరే, ఒకటే రాసుకోండి. సంరక్షకురాలు ఈవిడ, మా వదిన."

దానమ్మకి యాభై తొమ్మిది. ఆమెకి తొంభై ఎనిమిది రాశారు. సంరక్షకులు బతికున్నట్టు ధ్రువపత్రం అడిగే నిబంధన లేదట. దానమ్మ కొంగు సర్దుకుని, కాంతరత్నం బుగ్గ పుణికి, "ఏవమ్మా బుజ్జీ, పాలు తాగావా?" అంది.

"చాల్లే వదినా, నవ్వితే ఫారం చింపేస్తారు."

కానీ వేలిముద్ర వెయ్యమన్నప్పుడు మాత్రం కాంతరత్నానికి చివుక్కుమంది. మూడో తరగతితో ఆగిపోయిన మనిషి. నలభయ్యో ఏట సాయంత్రం బడికి పోయి, ఆరు నెలలు పలక మీద దిద్ది సంతకం నేర్చుకుంది. ఏడాది పిల్ల సంతకం చెల్లదన్నారు. బొటనవేలు సిరాలో ముంచి, పెదవులు బిగించి వేసింది. సోమవారం అలా గడిచింది.

మంగళవారం డబ్బు దగ్గర ఆగింది.

"మూడు వందలు అసత్య సంఖ్యమ్మా. తొమ్మిది మిగుల్తోంది," అన్నారు పద్మనాభం గారు. "రెండు వందల తొంభై రెండు పంపించండి, దివ్యంగా ఉంటుంది."

"ఎనిమిది తక్కువ పంపితే బల్లకి ఒక కాలు విరగ్గొట్టి ఇస్తారేమోనండి!"

"పోనీ మూడు వందల ఎనభై తొమ్మిది?"

"ఎక్కువ పంపడానికి మా దగ్గర లేవు. నలభై ఇద్దరం మూడు వారాలు కూడబెట్టుకుంటే ఇంతయ్యింది."

కాసేపటికి ఆమెకే తోచింది. "ఏవండీ, ఒక్క యూరో చెల్లుతుందా?"

"ఒకటికి మించిన సత్య సంఖ్య ఏముందమ్మా!"

"అయితే రెండు వందల తొంభై రెండు ఒకసారి, ఒక్కొక్కటి చొప్పున ఎనిమిది సార్లు. లెక్క సరి."

పద్మనాభం గారు ఆమె వంక గౌరవంగా చూసి తొమ్మిది ఫారాలు తెప్పించారు. "ప్రతిదానికీ బ్యాంకు రుసుముంటుంది. ఉద్యమం ప్రకారం రూపాయి గానీ, తొంభై ఎనిమిది రూపాయలు గానీ."

"రూపాయే రాసుకోండి," అంది కాంతరత్నం. ఆ బ్యాంకు పెట్టిన దగ్గర్నుంచీ అంత చవగ్గా విదేశానికి డబ్బు పంపినవాళ్ళు లేరు. తొమ్మిది ఫారాలకీ వేలిముద్రలు వేసేసరికి దానమ్మ చేతులు కూడా నల్లబడ్డాయి.

బుధవారం అసలు నెంబరు వంతు వచ్చింది. లీవా రాసిన పదహారు గళ్ళ నెంబరుని సోమవారమే ఉత్తరంలోంచి ఫారంలోకి దించారు. దాన్ని కంప్యూటరులో కొడితే ఎర్రగా "తప్పు" అని వస్తోంది. కానీ కంప్యూటరు మాట ఎవరూ వినడం లేదు. దాని వీపున అతికించిన చీటీలో ఆరు వందల నలభై అని ఉంది. భాగిస్తే యాభై ఎనిమిది మిగిలింది. అసత్య యంత్రం సాక్ష్యం చెల్లదు. కాబట్టి నెంబరుని చేత్తో భాగించడానికి కర భాగహార సంఘం కూర్చుంది. మేనేజరు, క్యాషియరు, అప్పుల ఆఫీసరు, బంగారం తూచే ఆయన, హైమవతి. చేతులు కడుక్కుని మొదలుపెట్టారు.

గంటన్నర తరవాత క్యాషియరుకి పద్నాలుగు మిగిలింది. అప్పుల ఆఫీసరుకి తొంభై ఆరు. హైమవతికి ఏడుపు. బంగారం తూచే ఆయన అలవాటు కొద్దీ రెండుంపావు అన్నాడు. పద్మనాభం గారికి ఒకటి మిగిలింది. రావలసిన జవాబు ఉత్తర్వులోనే ఉంది గనక ఆయన కింది నుంచి పైకి లెక్క చేసుకొచ్చారు.

"హోదా రీత్యా నా శేషమే సంఘపు శేషం," అని ప్రకటించి ముద్ర కొట్టారు. "ఈ సంఖ్య సత్యము."

బెంచీ మీద లేసు అల్లుకుంటున్న కాంతరత్నం చెయ్యి ఆగిపోయింది. అయిదుగురికి అయిదు రకాలు వచ్చిన నెంబరు మీద నలభై ఇద్దరి డబ్బు ఎక్కించడమా? "హైమవతమ్మా, ఆ లెక్క విధమేదో నాకూ ఒక్కసారి చెప్పు తల్లీ," అంది.

హైమవతి చెప్పింది. ముందు నాలుగూ వెనక్కి. బెల్జియం గుర్తు బి, ఇ. ఏ అంటే పది, బి అంటే పదకొండు, ఇ అంటే పద్నాలుగు.

"'ఏ'కి ఒకటి కాకుండా పదెందుకమ్మా?"

"తొమ్మిది దాకా అంకెలు వాడేసుకున్నాయి కదండీ. అక్షరాలు ఆ పైనుంచి మొదలు."

"అదీ న్యాయమే."

అంతా బారుగా రాస్తే పద్దెనిమిది అంకెలొచ్చాయి. అంత పొడుగు భాగహారం కాంతరత్నానికి రాదు. కానీ లేసు వచ్చు. తొంభై ఏడు ముడులకి ఒక చుట్టు మూతపడుతుందనుకుంటే, నూరు ముడులు అల్లినప్పుడు చుట్టు మూసేసి మూడు మిగుల్తాయి. అంతేగా! అంకెల్ని రెండేసి చొప్పున తొమ్మిది జతలు చేసింది. మొదటి జతలో ఎంతుందో అన్ని ముడులు గొలుసుగా వేసింది. తరవాతి జతకి వెళ్ళేటప్పుడు ముందున్నది నూరు రెట్లవుతుంది గనక, సూది మీదున్న ఒక్కో ముడికి మూడేసి ముడులు. దానికి కొత్త జత కలుపు. తొంభై ఏడు నిండినప్పుడల్లా తెంపి పక్కన పడెయ్. మిగిలినదాన్ని పట్టుకుని ముందుకెళ్ళు. దానమ్మ కండె పట్టుకుని అంకెలు చదువుతోంది, ఈమె కొక్కెం సూది ఆడిస్తోంది. ముప్పావు గంటలో తొమ్మిదో జత అయిపోయింది.

సూది మీద రెండు ముడులున్నాయి.

"ఎక్కడో ఒకటి ఎక్కువేశావు," అంది దానమ్మ.

"నేనా? ఎక్కువెయ్యడమా?" కాంతరత్నం మళ్ళీ మొదట్నుంచి అల్లింది. మళ్ళీ రెండే.

తప్పు తన చేతిలో లేదంటే కాగితంలో ఉంది. సంచిలోంచి లీవా ఉత్తరం తీసింది. ఫారంలో అంకె, ఉత్తరంలో అంకె, వేలు పెట్టి చూస్తూ పోయింది. ఖాతా అంకెల్లో చివర్నుంచి మూడోదాని దగ్గర వేలు ఆగింది.

"వదినా, ఇటు చూడు. ఈ ఏడుకి నడుం మీద అడ్డగీత ఉంది. ఆ పక్క ఏడుకీ ఉంది. దీనికి లేదేం?"

"మర్చిపోయుంటుందిలే."

"రెండింటికి వడ్డాణం పెట్టి మూడోదాన్ని బోసిగా ఎందుకొదిలేస్తుంది? ఆ దేశంలో ఏడుకి వడ్డాణం పెట్టే రాస్తారన్నమాట. మరి ఇది ఏడు కాదు."

"ఏడు కాకపోతే?"

కాంతరత్నం ఉత్తరాన్ని వెలుతురుకి పట్టుకుంది. నిలువు గీత, దాని నెత్తి మీంచి కిందికి వేలాడే పొడుగాటి ముక్కు. "ఒకటి వదినా! ముక్కు పొడుగున్న ఒకటి. మనకి ఏడులా కనబడింది."

అక్కడ ఒకటి పెట్టి మూడోసారి అల్లింది. సూది మీద ఒక్కటంటే ఒక్క ముడి మిగిలింది. ఇద్దరూ బ్యాంకు హాల్లో, ఆ తొంభై ఎనిమిదేళ్ళావిడా, ఆ ఏడాది పిల్లా, ఒకరి చేతులొకరు పట్టుకుని గిర్రున తిరిగారు.

గురువారం పొద్దున్నే వెళ్ళి ఆ ముడి మేనేజరుకి చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశారు.

"చాలా ముచ్చటగా ఉందమ్మా. కానీ ఆ సంఖ్య నిన్ననే ప్రామాణీకరించబడింది."

"అది తప్పు నెంబరండీ!"

"కాదనడం లేదు. ప్రామాణీకరించబడిన తప్పు. దాన్ని మార్చాలంటే పునర్విచారణ సంఘం వెయ్యాలి. ముద్ర పడ్డాక మూడు నెలల దాకా వెయ్యకూడదు."

"రేపు నాలుగింటికి మా బల్ల పోతుందండి బాబూ! మళ్ళీ షావుకారు పేరు కుట్టుకోవాలి మేం!"

"నాలుగు అనే గంట ప్రస్తుతం బ్యాంకులో లేదమ్మా," అన్నారాయన గడియారం వైపు బాధగా చూపించి.

అప్పుడే బయట కారాగింది. ప్రధాన కార్యాలయం నుంచి సంఖ్యా పవిత్రతా పరిశీలకులొకరు దిగారు. నున్నటి మనిషి, చేతిలో తోలు సంచి. గడియారం చూసి తలూపారు. క్యాలెండరు చూసి తలూపారు. తరవాత మనుషుల వైపు తిరిగి వేలితో లెక్కపెట్టారు.

"ఈ శాఖ సిబ్బంది ఎందరు?"

"ఏడుగురమండి."

"ఏడుని తొంభై ఏడుతో భాగించగా?"

"ఏడే మిగులుతుందండి," అన్నారు పద్మనాభం గారు.

"అనగా ఇన్ని దినములుగా ఈ శాఖను అసత్య సిబ్బంది నడుపుచున్నారు!"

"ఇంకో తొంభై ఒక్కమందిని ఇప్పించండి సార్, సరిపోతుంది."

"నిధులు లేవు. ఒక్కరే ఉండవలెను. ఎవరి ఉద్యోగ సంఖ్య సత్యమో వారే."

అందరూ ఎవరి నెంబరు వాళ్ళు కాగితం మీద వేసుకుని భాగించడం మొదలుపెట్టారు. హైమవతిది పోయింది. క్యాషియరుది పోయింది. ఒక్కొక్కరే లేచి ఖాతాదారుల బెంచీ మీద కూర్చున్నారు. పద్మనాభం గారు మూడుసార్లు కింది నుంచి పైకి చేసి చూశారు. తొంభై మూడు మిగులుతూనే ఉంది. ఆయనా వెళ్ళి కూర్చున్నారు. మిగిలింది సింహాద్రి. అతనిది రెండు వేల తొమ్మిది వందల పదకొండు. ముప్పై తొంభై ఏడులు పోగా, ఒకటి.

"వీరే ఈ శాఖ," అని పరిశీలకులు తాళాల గుత్తి తీసి అతని చేతిలో పెట్టారు.

సింహాద్రి గుత్తి చూసుకున్నాడు, ఆయన్ని చూశాడు. చేతులు కట్టుకుని, "తమరి నెంబరేటి బాబూ?" అన్నాడు.

పరిశీలకులు సంచిలోంచి గుర్తింపు కార్డు తీశారు. చాలాసేపు చూసుకున్నారు. తరవాత బెంచీ మీద పద్మనాభం గారి పక్కన జరిగి చోటు చేసుకున్నారు.

శుక్రవారం బ్యాంకులో ఉద్యోగి ఒక్కడు, బెంచీ మీద ఏడుగురు. పొద్దుటి నుంచీ సింహాద్రి పేట వాళ్ళకి డబ్బు ఇచ్చాడు, డబ్బు తీసుకున్నాడు, పుస్తకాలు అచ్చు వేశాడు. ఇరవై ఆరేళ్ళు అందరి వెనకా టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషి. ఎవరి కుర్చీలో ఏ పని ఎలా చేస్తారో వాళ్ళకన్నా అతనికే ఎక్కువ తెలుసు. కాంతరత్నం వంతు వచ్చేసరికి మూడు దాటింది.

ఫారాలు చూసి అతను తల గోక్కున్నాడు. "అమ్మా, నెంబరు తప్పని నాకూ తెల్సు. ఈ ముద్ర నానెలా సెరిపీగలను?"

కాంతరత్నం రాత్రంతా ఇదే నెమరేసింది. "సింహాద్రీ, ఆ ముద్ర కొట్టినవాళ్ళు ఎవరు?"

"ఆళ్ళే, బెంచీ మీదున్నోరు."

"వాళ్ళు అసత్య సిబ్బంది అని నిన్న పరిశీలకులే చెప్పారు కదా. లేని మేనేజరు కొట్టిన ముద్ర ఎలా ఉంటుందయ్యా? పడనే లేదు అది."

బెంచీ అంతా పరిశీలకుల వైపు తిరిగింది. ఆయన పైకి, కిందికి చూసి, "తర్కము నిర్దోషముగానే యున్నది," అని గొణిగారు.

సింహాద్రి కొత్త ఫారం తీశాడు. వడ్డాణం లేని చోట ఒకటి వేశాడు. కంప్యూటరు వీపున ఉన్న చీటీలోని అంకెల్ని తడిగుడ్డతో తుడిచేశాడు. నెంబరే లేని యంత్రాన్ని అసత్యమనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఖాతా అంకెలు కొట్టగానే తెర పచ్చబడింది. అక్కడ మళ్ళీ ఆగింది. ఒకరు నింపినదాన్ని ఇంకొకరు సరిచూడాలని యంత్రం అడుగుతోంది. సింహాద్రి ఈ కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి, మేనేజరు కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, తను నింపినదాన్ని తనే అనుమానంగా ఒకటికి రెండుసార్లు చదివి ఒప్పుకున్నాడు. లేచి మళ్ళీ ఇటొచ్చి ఒక్క యూరో. అటెళ్ళి ఒప్పుకోలు. ఇటు, అటు. తొమ్మిది ప్రదక్షిణలు. దానమ్మ ఒక్కోదానికి చప్పట్లు కొట్టింది. ఆరో చుట్టు నుంచీ హైమవతి కూడా కలిసింది. మొత్తం పద్దెనిమిది నిమిషాలు.

రశీదులు ఫోటో తీసి పంపారు. సెల్లులో టైము మూడుంముప్పావు. నాలుగు కావస్తుండగా బెల్జియం నుంచి ఒక మెసేజి వచ్చింది. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి, వరసగా తొమ్మిది. లీవా ఏ డబ్బుకి ఆ డబ్బుకి విడిగా జవాబిచ్చింది పాపం. హైమవతి చదివి చెప్పింది. తొమ్మిదింటిలోనూ ఒకటే మాట. బల్ల మీకే దక్కింది, మీ సంఘం పేరు బోర్డు మీద రాయిస్తున్నాం, పేరు ఎలా రాయాలో మీరే చెప్పండి.

కాంతరత్నం కాగితం అడిగి తీసుకుని సంఘం పేరు రాసింది. దాని కింద, ఎవరూ అడక్కపోయినా, నిదానంగా తన సంతకం పెట్టింది.

నాలుగూ అయిదుకి ప్రధాన కార్యాలయం నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. మహోద్యమము సంపూర్ణ విజయము సాధించినందున తక్షణము ఉపసంహరించడమైనది. జీతాల విభాగం వాళ్ళు ఉత్సాహం కొద్దీ ఛైర్మన్ గారి జీతాన్ని కూడా భాగించి, మిగిలినదే ఆయన ఖాతాలో వేశారని తరవాత తెలిసింది.

బెంచీ ఖాళీ అయింది. పద్మనాభం గారు తన కుర్చీలో కూర్చుని, అది వెచ్చగా ఉండడం చూసి ఇబ్బందిపడి, మొట్టమొదట ఒక మెమో రాశారు. "నాలుగు దినములుగా నడుచుచున్న కార్యమును పద్దెనిమిది నిమిషములలో ముగించుటకు గల కారణమును అటెండరు సింహాద్రి తక్షణము లిఖితపూర్వకముగా తెలియజేయవలెను."

సింహాద్రి మెమో అందుకుని కాంతరత్నం దగ్గరికొచ్చాడు. ఇరవై ఆరేళ్ళలో అతనికి మెమో ఇదే మొదటిది. "ఏటని రాయనమ్మా?"

"ఉన్నదే రాయవయ్యా," అంది కాంతరత్నం. "ఆవిడకి అవసరం, నాకు చేతనయ్యింది, చేశాను."

అతను అంతే రాసి ఇచ్చాడు. పద్మనాభం గారు చదివి, దాఖలు చేద్దామని బీరువా తెరిచారు. ఆలస్యానికి కారణముల ఫైళ్ళు పద్నాలుగున్నాయి. సెలవుకొకటి, సర్వరుకొకటి, సంతకానికొకటి, వానకొకటి. పని జరుగుటకు కారణముల ఫైలు లేదు. కింది అరలో చూశారు, పాత బీరువాలో చూశారు, పరిశీలకుల్ని అడిగారు. ఆయన సర్వీసులో కూడా అలాంటిది తగల్లేదట. బ్యాంకు మూసే వేళ దాటినా పద్మనాభం గారు ఆ కాగితం పట్టుకుని బీరువాల మధ్య అలా నిలబడే ఉన్నారు. కాలవగట్టు మీద మాత్రం నలభై ఇద్దరూ అప్పటికే సరుకు మడతలు పెట్టడం మొదలెట్టేశారు.